కాలానికి తగిన చక్రం

'టైరు' అనే మాట ఆంగ్లంలో పుట్టిననాడు దానికీ రబ్బరుకూ ఏ సంబంధమూ లేదు. ఉడుపు, అలంకారం అనే అర్థాలున్న ఒక పాత మాటకు అది పొట్టిరూపమని నిఘంటుకారులు చెబుతారు. చెక్కచక్రం అంచు అరిగిపోకుండా తొడిగిన ఇనుప తొడుగే తొలినాటి టైరు. అంటే చక్రం కట్టుకున్న బట్ట అన్నమాట! రబ్బరు వచ్చాక ఆ పేరును తానే పూర్తిగా సొంతం చేసుకుంది. మా రెడ్డిగూడెం వైపున మాత్రం ఈ రెండింటినీ జనం కలపలేదు. ఇనుప పట్టా వేసినది వట్టి 'బండి'. రబ్బరుది 'టైరు బండి'. ఒక వస్తువు వచ్చి రెండు తరాలు గడిచినా దానికి విశేషణం తగిలించే పిలుస్తున్నారంటే, అది ఇంకా చుట్టరికమేగాని ఇంటి మనిషి కాలేదని అర్థం.

చలిదేశాలలో స్థిరపడిన మన తెలుగువారికి ఏటా కార్తీకమాసం వచ్చేసరికి ఒక కొత్త విధి ఎదురవుతుంది. దీపాలూ ఉపవాసాలూ ఎలా ఉన్నా, కారుకు శీతకాలపు టైర్లు బిగించాలి. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో 2008 నుండి ఇది చట్టం. మొదట డిసెంబరు 15 గడువుగా ఉండేది, 2019 నుండి డిసెంబరు 1కి జరిపారు. మార్చి 15 దాకా ఆ టైర్లతోనే తిరగాలి. ఏ రకం కొనాలి, మేకులున్నవా లేనివా, సంవత్సరమంతా పనికివచ్చేవి చాలవా అన్న చర్చ అక్కడి తెలుగు ఇళ్ళలో మన ఇళ్ళలోని ఆవకాయ చర్చంత గంభీరంగా సాగుతుంది. ఆ మాటలు విన్నప్పుడల్లా నాకొక ప్రశ్న తోచేది. కాలానికి తగ్గట్టు చక్రాన్ని ఎంచుకోవడం అనే విద్య మన నేల మీద ఉండేదా? ఉండేదనీ, చాలా సూక్ష్మంగా ఉండేదనీ చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా ఆ చలిటైరు సంగతి నాలుగు మాటల్లో. 1934లో ఫిన్లండు దేశంలో, నేడు నోకియన్ అని పిలుచుకునే సంస్థకు మూలమైన రబ్బరు కర్మాగారం, మంచులో నడిచే లారీల కోసం మొదటి శీతకాలపు టైరును తయారుచేసింది. 1936లో కార్లకు 'హక్కపెలీటా' అనే పేరుతో మరొకటి తెచ్చింది. అందులోని రహస్యం రెండు విషయాల్లో ఉంది. మొదటిది గాళ్ళు. లోతైన గాళ్ళు మంచును పట్టి వెనక్కు నెట్టుతాయి. రెండవది, తరువాతి కాలంలో బాగా ఎదిగినది, రబ్బరు పాకం. మామూలు టైరులోని రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ దిగువన బిరుసెక్కి నేలను పట్టుకోవడం మానేస్తుంది. చలిటైరులోని మిశ్రమం ఆ చలిలో కూడా మెత్తగానే ఉంటుంది. అదే టైరును వేసవిలో నడిపితే త్వరగా అరిగిపోతుంది. కాబట్టి చక్రానికి కూడా ఋతుధర్మం ఉంది.

ఇక మా సీమకు వద్దాం. రెడ్డిగూడెం కృష్ణా జిల్లా మెట్టప్రాంతంలోని ఊరు. 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరింది. మామిడికి పేరునిచ్చిన నూజివీడు అదే రోజున ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. తోటలకు జిల్లా సరిహద్దులు తెలియవు గనుక బంగినపల్లీ, చిన్నరసాలూ, పెద్దరసాలూ ఎప్పటిలాగే కాస్తున్నాయి. ఎర్రనేల, గరపనేల, మధ్యమధ్య చెరువుల కింద మాగాణి, అక్కడక్కడా నల్లరేగడి. ఒకే బండి ఒకే రోజున ఈ నాలుగు నేలల మీదా నడవాలి. చలి మాకు శత్రువు కాదు. 7 డిగ్రీలకు దిగిన తెల్లవారుజాము నా ఎరుకలో లేదు. మా చక్రానికి శత్రువులు రెండే: వైశాఖపు ఎండ, శ్రావణపు బురద.

కఱ్ఱచక్రం నిర్మాణాన్ని ఒకసారి మనసులోకి తెచ్చుకోండి. నడుమ కుండ, దాని నుండి బయలుదేరే పన్నెండు ఆకులు, ఆకుల చివరలను రెండేసి చొప్పున పట్టుకునే ఆరు వంపుచెక్కలు, వాటన్నిటినీ బిగించి ఉంచే ఇనుప పట్టా. సంస్కృతం నాభి, అరము, నేమి అన్నచోట తెలుగువాడు కుండ, ఆకు అన్నాడు. తన ఇంట్లో ఉన్న వస్తువులూ పెరట్లో ఉన్న చెట్టూ వాడికి చాలాయి. చక్రానికి నల్లతుమ్మను మించిన కఱ్ఱ లేదనేవారు. అది గట్టిది, దెబ్బకు ఓర్చేది, చెరువుగట్టున దొరికేది. ఇరుసుకూ నొగలకూ చిరుమాను వాడేవారు. ఆంగ్లేయులు ఆ చెట్టుకు ఇరుసు కఱ్ఱ అనే అర్థం వచ్చే పేరే పెట్టారు.

పట్టా వేయడం ఒక చిన్న ఉత్సవం. పట్టా చుట్టుకొలతను చక్రం చుట్టుకొలతకన్న కొంచెం తక్కువగా అతుకుతారు. నేల మీద పట్టాను పరచి, చుట్టూ పిడకలు పేర్చి నిప్పు పెడతారు. అయిదడుగుల ఎత్తు చక్రానికి చుట్టుకొలత దాదాపు పదహారడుగులు. నాలుగువందల డిగ్రీల వేడికి ఆ ఇనుము దాదాపు అంగుళం మేర సాగుతుంది. ఎర్రగా కాలిన పట్టాను పట్టకార్లతో నలుగురూ ఎత్తి చక్రానికి తొడిగి, సుత్తులతో సర్ది, బిందెలతో నీళ్ళు గుమ్మరిస్తారు. ఆవిరి లేస్తుంది, ఇనుము ముడుచుకుంటుంది, వదులుగా ఉన్న ఆకులన్నీ కిర్రుమంటూ కుండలోకి దిగబడతాయి. మేకు ఒక్కటి లేకపోయినా ఏళ్ళతరబడి ఊడని బిగింపు అది. కమ్మరికీ వడ్రంగికీ భౌతికశాస్త్రం పేరు తెలియదు, శాస్త్రం తెలుసు.

ఇప్పుడు ఋతువు సంగతి. పట్టా వేయించడానికి వేసవే తగిన కాలం. ఎండకు కఱ్ఱ పూర్తిగా ఆరి ముడుచుకుని ఉంటుంది. అప్పుడు బిగించిన పట్టా వానలకు కఱ్ఱ ఉబ్బినకొద్దీ మరింత బిగుస్తుంది. వానకాలంలో, కఱ్ఱ ఉబ్బి ఉండగా వేయించారో, వచ్చే వేసవికి చక్రం వదులై పట్టా జారిపోతుంది. అందుకే ఎండలు ముదిరినప్పుడు చక్రాలను విప్పి చెరువులో నానవేసేవారు. నీరు తాగిన కఱ్ఱ ఉబ్బి పట్టాను పట్టుకునేది. మామిడికాయ కోతకు వచ్చేదీ, చక్రం వదులయ్యేదీ ఒకే నెలలో కావడం మా ప్రాంతపు దురదృష్టం. కాయలు తోలవలసిన బండి చెరువులో కూర్చునేది! ఉన్న కొద్ది నీటిలో ఎవరి చక్రాలు ముందు నానాలన్న తగువులు చిన్నప్పుడు నేను విన్నవే. ఇనుప ఇరుసు వచ్చిన తరువాత కూడా కందెన పని తప్పలేదు. కాల్చిన గడ్డిమసిని ఆముదంలో కలిపి చేసిన ఆ నల్లటి ముద్ద బండి కింద గొట్టంలో వ్రేలాడుతూనే ఉండేది.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. కారుకు చలిటైరు కావలసింది పట్టు కోసం. కారులో నేలను తన్ని ముందుకు పోవలసింది చక్రమే. ఎడ్లబండిలో చక్రం నేలను తన్నదు, ఊరికే దొర్లుతుంది. పట్టు ఉండవలసింది ఎద్దు కాలికి. కాబట్టి మన చలిటైరు ఎక్కడుందని వెదికితే చక్రం దగ్గర కాదు, గిట్ట దగ్గర దొరుకుతుంది. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది. బురదలో దిగినప్పుడు ఆ చీలిక విచ్చుకుంటుంది, కాలు పైకి తీసేటప్పుడు ముడుచుకుంటుంది. బురద కాలిని పట్టి ఉంచలేదు. ఏ కర్మాగారమూ ఇంతవరకు ఇటువంటి టైరును చేయలేదు. కంకర రోడ్డు మీద మాత్రం ఆ గిట్ట అరిగిపోతుంది. అందుకే నాడాలు. గిట్టకు రెండు చొప్పున ఒక్కో ఎద్దుకు ఎనిమిది. మాగాణిలో దమ్ముకు తిరిగే ఎడ్లకు నాడాలు అనవసరం. వేసవిలో బండి కట్టి కంకర మీద తిరిగే ఎడ్లకు అవి తప్పనిసరి. నున్నని తారు మీద, అందులోనూ వాన పడ్డప్పుడు, అదే ఇనుము జారుతుంది. ఏ పనికి, ఏ నేలకు, ఏ కాలానికి నాడా కొట్టించాలి, ఎప్పుడు మానాలి అన్న తర్కం నేడు మాంట్రియాలులో ఒక తెలుగువాడు టైర్ల దుకాణంలో నిలబడి చేసే తర్కమే. పదాలు వేరు, అంతే.

ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో ఈ వ్యవస్థ మీద ఒక నేరారోపణ మొదలైంది. మోటార్లు పెరిగాయి, రోడ్లు పాడయ్యాయి. నేరస్థుడెవరు? రెండంగుళాల వెడల్పున్న ఇనుప పట్టా అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. పట్టా నేలను తాకే చోటు సన్నని గీత మాత్రమే. బండి బరువంతా ఆ గీత మీదనే పడుతుంది. కంకర చితికి గాళ్ళు పడతాయి, ఆ గాళ్ళలోనే వెనుక బండ్లన్నీ నడుస్తాయి, గాడి గుంట అవుతుంది. 1927లో ఎం.ఆర్. జయకర్ అధ్యక్షతన ఏర్పడిన రోడ్ల సంఘం, దాని ఫలితంగా 1934లో పుట్టిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దేశంలో రోడ్ల గురించి పద్ధతిగా ఆలోచించడం మొదలుపెట్టాయి. ఇంజనీర్ల చర్చల్లో ఎడ్లబండి చక్రం ఒక పెద్ద సమస్యగా నిలిచింది. కాని కథలో మరో సగం ఉంది. నీటితో తడిపి రాతిపొడితో బిగించిన పాత కంకర రోడ్డును మోటారు కూడా పాడుచేసింది. వేగంగా దొర్లే రబ్బరు టైరు రాళ్ళ మధ్య నుండి పొడిని పీల్చి దుమ్ముగా లేపివేస్తుంది. పొడి పోతే రాయి కదులుతుంది. తారు పూయడం అనే పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది ముఖ్యంగా మోటారు లేపిన ఈ దుమ్ము మూలానే. అయినా ముద్దాయి బోనులో ఒంటరిగా నిలబడింది మాత్రం ఎడ్లబండి. బండికి నోరు లేదు. బండివాడికి ఆ సభలలో కుర్చీ లేదు.

పరిష్కారంగా చూపినది గాలి టైరు. దాని చరిత్రలో ఒక చిత్రముంది. గాలి నింపిన టైరుకు మొట్టమొదట 1845లో పేటెంటు పొందినవాడు రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండు ఇంజనీరు. అప్పటికి మోటారు పుట్టలేదు. అతను దాన్ని తొడిగింది గుఱ్ఱపుబండికి! అంటే గాలి టైరు పుట్టుకే పశువు లాగే బండి కోసం. ఖర్చు ఎక్కువై అది మరుగున పడింది. 1888లో బెల్ఫాస్టు నగరంలో జాన్ బాయిడ్ డన్లప్ తన కొడుకు మూడుచక్రాల సైకిలు కోసం దాన్ని మళ్ళీ కనిపెట్టాడు. ఈ డన్లప్ వృత్తిరీత్యా పశువైద్యుడు. ఆయన పేరు పెట్టుకున్న సంస్థ 1936లో హుగ్లీ నది ఒడ్డున సాహాగంజ్‌లో కర్మాగారం తెరిచింది. ఎడ్లబండ్ల కోసం ప్రత్యేకంగా టైర్లు, ఇరుసులు దేశంలో ప్రచారంలోకి వచ్చింది ఆ దశాబ్దంలోనే. ఉత్తరాదిన చాలాచోట్ల రబ్బరు చక్రాల బండికి ఆ సంస్థ పేరే స్థిరపడిపోయింది. ఆ టైర్ల మీద పశువులు లాగే వాహనం అని తెలిపే మూడక్షరాల గుర్తు, ఏ.డి.వి. అని, అచ్చువేసి ఉండేది. మా ఇంటికి టైరు బండి వచ్చిన ఏడు, నేను ఆంగ్లాక్షరాలు కూడబలుక్కుని చదివిన మొదటి 'గ్రంథం' అదే.

టైరు బండి మామిడికి చేసిన మేలు అపారం. బంగినపల్లి కొంత గట్టి కాయ. రసం అలా కాదు. చిక్కంతో జాగ్రత్తగా దించి, సొన అంటకుండా తుడిచి, వరిగడ్డి పరచిన గంపలలో పేర్చినా, ఇనుప చక్రం మీద గరపనేలన పది మైళ్ళు కుదిపితే కాయకు లోపల దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బ ఆనాడు కనిపించదు. మూడోనాడు కొన్నవాడి ఇంట్లో నల్లమచ్చై బయటపడుతుంది. టైరు బండి వచ్చాక కాయ తన నిద్ర చెడకుండా ప్రయాణించింది. నీళ్ళలో చక్రాలు నానవేసే బాధా తప్పింది. నాలుగంగుళాలకు పైగా వెడల్పున్న టైరు రేగడిలో ఇనుప పట్టాలాగ కోసుకుపోలేదు.

కాని ఆ ఖాతాలో రెండో పేజీ కూడా చదవాలి. చెక్కచక్రం విరిగితే ఊళ్ళోనే బాగయ్యేది. వడ్రంగికీ కమ్మరికీ కల్లంలో గింజలు కొలిచేవారు. టైరు చీలితే పట్నానికి పోవాలి, రూకలు పెట్టాలి. ఏ నల్లతుమ్మ పూర్వం చక్రమై నిలిచిందో, ఆ తుమ్మ ముల్లే ఇప్పుడు టైరులో దిగబడి గాలి తీసేది. తాను చేసిన చక్రాన్ని కాదన్నందుకు చెట్టు పగ పట్టిందేమో అని మా వీధిలో హాస్యమాడేవారు. నిజానికి పగ పట్టవలసినవాడు వడ్రంగి. అతను పగ పట్టలేదు. గుమ్మాలు, మంచాలు చేసుకుంటూ కొన్నాళ్ళు గడిపి, తన కొడుకును వేరే పనికి పంపాడు.

ఎద్దుకు ఏమి మిగిలింది? నా దృష్టిలో ఈ చరిత్ర అంతటికీ కేంద్రం ఇదే. గట్టి రోడ్డు మీద గాలి టైరూ బేరింగులూ ఉంటే అదే బరువును తక్కువ బలంతో లాగవచ్చు. ఆ మిగిలిన బలం ఎవరికి చెందాలి? 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1965లో లాగుడు పశువుల గురించి నియమాలు చేశారు. చిన్న ఎద్దు లాగే రెండు చక్రాల బండికి గాలి టైర్లు లేకపోతే 500 కిలోలు, ఉంటే 750, బాల్ బేరింగులు ఉంటే 1000 కిలోలు గరిష్ఠ పరిమితి. రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించరాదు, విశ్రాంతి లేకుండా వరుసగా అయిదు గంటలు దాటరాదు, 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుండి 3 దాకా కట్టరాదు. ఉద్దేశం మంచిదే. కాని ఆ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. చక్రం తేలికైనకొద్దీ బరువు పెరిగింది. టైరు ఇచ్చిన ఊరటలో ఎద్దు వాటా ఎంతో ఆ పట్టికలో లేదు. దాన్నంతటినీ సరుకు తీసుకుంది. పశువుకు కలిగే శ్రమ తగ్గించవలసిన నియమమే, ఆ శ్రమను పాత మట్టంలో నిలబెట్టి లాభాన్ని బరువుగా మార్చింది. ఇక 12 నుండి 3 అన్న నియమం మామిడి కాలంలో మా ఊళ్ళో ఎందరికి తెలుసో, కాడి కింద మచ్చలు పడిన మెడలే సాక్ష్యం. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్‌కు మొదటి డైరెక్టరుగా పనిచేసిన ఎన్.ఎస్. రామస్వామిగారు 1970ల నుండి ఎడ్లబండిని బాగుచేయాలని పట్టుబట్టారు. చక్రం ఒక్కటే కాదు, మెడను కోసే కాడిని కూడా మార్చాలన్నది ఆయన వాదం. చక్రం మారింది. కాడి చాలావరకు అలాగే ఉండిపోయింది. కారణం ఊహించడం కష్టం కాదు. చక్రం మారితే యజమానికి లాభం. కాడి మారితే ఎద్దుకు లాభం.

తరువాత ట్రాక్టరు వచ్చింది, చరిత్ర తన పాత పాఠాన్నే వల్లించింది. వరిమడిలో రబ్బరు టైరు జారుతుంది గనుక సార్వా నాట్ల ముందు ఇనుప దమ్ముచక్రాలు బిగిస్తారు. చూశారా, ఋతువుకొక చక్రం అనే ఆచారం మన వద్ద కూడా ఉంది! అక్కడ మంచు, ఇక్కడ అడుసు. అయితే మడి నుండి మడికి పోయేటప్పుడు వాటిని విప్పే ఓపిక లేక తారురోడ్డు ఎక్కించేవారున్నారు. ఇనుప చక్రాలతో రోడ్డెక్కరాదని అధికారులు ఏటా చాటిస్తారు. ఈసారి ఆ మాటలో న్యాయముంది. ఆ రోడ్డు ఇప్పుడు అందరిదీ. అయినా మడి దగ్గరే చక్రం మార్చుకునే వసతి కౌలురైతుకు ఎవరు కల్పించాలన్న ప్రశ్న 1934లోలాగే నేడూ సభ బయటనే నిలబడి ఉంది.

నేడు విజయవాడ దగ్గరి నున్న మార్కెట్టు నుండి మే నెలలో ఉత్తరాదికి పోయే మామిడి లారీలది ఇంకో పరీక్ష. అక్కడ టైరుకు ప్రాణాంతకమైనది వేడి. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టులోనూ ఎక్కువగా నలుగుతుంది, నలిగినకొద్దీ వేడెక్కుతుంది, పైన బరువు ఎక్కువైతే పగులుతుంది. నలిగినప్పుడు సహజ రబ్బరులో పుట్టే వేడి తక్కువ గనుకనే లారీ టైర్లలో దాని పాలు ఎక్కువ. చలిదేశపు తెలుగువాడు మెత్తని రబ్బరు వెదుకుతున్నాడు, మా లారీ యజమాని వేడికి ఓర్చే రబ్బరు వెదుకుతున్నాడు. ఇద్దరి కోరిక ఒక్కటే: ఇంటికి క్షేమంగా చేరాలి.

ఇంత చెప్పినా సరైన చక్రం ఏది అన్న ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం లేదు. నేల ఏది, కాలం ఏది, లాగేది ఎవరు అని మూడు ప్రశ్నలు వేసుకోవాలని మన పాత రైతుకు తెలుసు. నాలుగో ప్రశ్న ఒకటుంది, దాన్ని మనం ఏ కాలంలోనూ సరిగా అడగలేదు: లాభం ఎవరిది, నొప్పి ఎవరిది? చక్రాన్ని మార్చిన ప్రతిసారీ ఈ ప్రశ్న వేసి ఉంటే వడ్రంగి కొడుకు కథా, ఎద్దు మెడ కథా వేరుగా ఉండేవి.

మనం చేయగలిగిన చిన్న పని ఒకటి మిగిలింది. చక్రంతోపాటు దాని మాటలు కూడా పోతున్నాయి. కుండ, ఆకు, పట్టా, ఇరుసు, నొగ, కాడి, కందెన, నాడా. ఇవి నా వైపు మాటలు. గోదావరి లంకల్లో, పాలమూరు చెలకల్లో, రాయలసీమ గుట్టల్లో, ఉత్తరాంధ్ర కొండదారుల్లో బండి భాగాలకు మీ పెద్దలు వాడిన మాటలు మీకు గుర్తుంటే రాయండి. ఇంట్లో ముసలివారుంటే ఈ వారమే కూర్చోబెట్టి అడగండి. చక్రాన్ని తిరిగి తేలేము, తేవలసిన అవసరమూ లేదు. దాని పేర్లనైనా కాలానికి అందకుండా దాచుకుందాం.